దున్నేది ఒకరు, చెక్కు ఇంకొకరికి: సన్‌ఫ్లవర్ కౌంటీ సబ్సిడీల చరిత్ర మనకేం చెప్తుంది?

సర్కారు రైతుకి డబ్బు ఇస్తుందంటే వినడానికి బాగానే వుంటుంది. కానీ 'రైతు' అంటే ఎవరు? నాగలి పట్టినవాడా, పట్టా వున్నవాడా? ఈ ప్రశ్నకి వ్యవసాయ శాస్త్రం జవాబు చెప్పదు. కచేరీలోని కాగితం చెప్తుంది. కాగితం మీద ఎవరి పేరుండాలో కులం చెప్తుంది. అమెరికాలో అయితే జాతి చెప్తుంది. ఈ మాట ఆవేశంతో అంటున్నది కాదు. మిసిసిపీ రాష్ట్రంలో సన్‌ఫ్లవర్ కౌంటీ అనే ఒక పల్లెటూళ్ళ ప్రాంతంలో దాదాపు నలభై యేళ్ళపాటు సబ్సిడీ డబ్బు ఏ దారిన పోయిందో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, కాకపోతే చిన్నది. సన్‌ఫ్లవర్ కౌంటీ మిసిసిపీ డెల్టాలో వుంది. నల్లరేగడి నేల, కనుచూపు మేర పత్తి. దాని కేంద్రం ఇండియనోలా పట్నం. నల్లపిల్లల్ని తెల్లపిల్లల బళ్ళోకి రానివ్వకూడదని 1954లో పెద్దమనుషులు పెట్టుకున్న 'సిటిజన్స్ కౌన్సిల్' పుట్టింది అక్కడే. 1960 నాటికి కౌంటీ జనంలో మూడింట రెండొంతులు నల్లజాతి వాళ్ళు. వాళ్ళలో ఓటు నమోదైనవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ ఒక్క కౌంటీలోనే ఇద్దరు మనుషులు బతికారు. ఒకరు డాడ్స్‌విల్ దగ్గర వేల ఎకరాల ప్లాంటేషన్ యజమాని, అమెరికా సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్. ఇంకొకరు రూల్‌విల్ దగ్గర పాలుకు పత్తి చేసిన ఫానీ లూ హేమర్. సబ్సిడీ చరిత్ర అంటే ఈ ఇద్దరి మధ్య వున్న దూరం చరిత్రే.

భూమి ఎట్లా దక్కకుండా పోయింది

అంతర్యుద్ధం చివర్లో, 1865 జనవరిలో, జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణ కెరొలైనా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో దొరలు వదిలి పారిపోయిన భూముల్ని విడుదలైన బానిస కుటుంబాలకి నలభై ఎకరాలకి మించకుండా పంచమన్నాడు. కొన్నివేల కుటుంబాలు గుడిసెలు వేసుకుని సాగు కూడా మొదలుపెట్టాయి. అదే యేడాది లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ పాత దొరలకి క్షమాభిక్ష పెట్టి భూముల్ని తిరిగి వాళ్ళకే అప్పగించాడు. బానిసత్వం పోయింది, భూమి మాత్రం రాలేదు.

భూమి లేని స్వేచ్ఛ ఏమైంది? పాలు వ్యవసాయమైంది. భూమి, గాడిదలు, విత్తనం, ఇల్లు దొరవి. రెక్కలు నల్లకుటుంబానివి. పంటలో సగం పాలు. కానీ యేడాది పొడుగునా తిండిగింజలు, బట్టలు దొర కొట్టులోనే అప్పు తేవాలి. పద్దు దొర చేతిలో వుంటుంది. పత్తి ఏరాక లెక్క తేలిస్తే సగం పాలు అప్పుకే పోతుంది, ఒక్కోసారి ఇంకా బాకీ మిగులుతుంది. మన దగ్గర నాము తెచ్చుకున్న మాదిగ జీతగాడికి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

హేమర్ 1917లో ఇరవైయ్యో బిడ్డగా పుట్టింది. ఆరేళ్ళకే పత్తి చేలో దిగింది. ఆమె తల్లిదండ్రులు ఒక్కసారి కొంచెం కూడబెట్టి సొంతంగా గాడిదలు, పనిముట్లు కొనుక్కుని కౌలుకి చెయ్యబోయారు. ఒక తెల్లవాడు ఆ గాడిదల దాణాలో విషం కలిపాడని, దాంతో తాము మళ్ళీ ఎప్పటికీ కోలుకోలేదని ఆమె తర్వాత చెప్పుకుంది. పాలు నుంచి కౌలుకి, కౌలు నుంచి పట్టాకి ఎక్కే మెట్లు వుంటాయని పుస్తకాల్లో రాస్తారు. ఆ మెట్లని ఎవరు విరగ్గొడతారో రాయరు.

1933: పంట దున్నేసినందుకు డబ్బు

1929 తర్వాత పత్తి ధర పడిపోయింది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933 మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. దాని సూత్రం తేలిక. పంట తగ్గితే ధర పెరుగుతుంది, కాబట్టి భూమి పడావు పెట్టినవాళ్ళకి సర్కారు డబ్బు ఇస్తుంది. ఆ డబ్బుని మిల్లుల మీద వేసిన పన్నులోంచి తీస్తారు. చట్టం వచ్చేసరికే పత్తి మొలిచి వుంది. ఆ వేసవిలో దక్షిణాది అంతటా దాదాపు కోటి ఎకరాల పత్తిని దున్నేశారు. సాళ్ళ మధ్యన నడవడమే నేర్చిన గాడిదలు పత్తి మొక్కల్ని తొక్కడానికి మొరాయించాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డబ్బు ఎవరికి వచ్చింది? ఒప్పందం మీద సంతకం భూయజమానిది. మొదటి యేడాది చెక్కులు అతని పేరు మీదే వచ్చాయి. పాలేర్ల వంతు అతనే పంచాలి. చాలాచోట్ల పాత బాకీ కింద జమ చేసుకున్నాడు. 1934-35 పత్తి ఒప్పందంలో ఈ అన్యాయానికి లెక్క కూడా కట్టిపెట్టారు. పడావు పెట్టిన భూమికి కిరాయి కింద పౌనుకి మూడున్నర సెంట్లు, ధర సమం చెయ్యడానికి ఇంకో సెంటు. కిరాయి మొత్తం భూమి యజమానిది. సగం పాలుకు చేసేవాడికి ఆ ఒక్క సెంటులో సగం. అంటే తొమ్మిది డాలర్లు వస్తే ఎనిమిది దొరకి, ఒకటి పాలేరుకి. పంటలో సగం తనదైన మనిషికి పంట మానేసినందుకు వచ్చే డబ్బులో తొమ్మిదో వంతు!

ఆ ఒక్క వంతు కూడా దొరకి బరువనిపించింది. పాలేరు వుంటే పంచాలి, కూలివాడైతే పంచనక్కర్లేదు. పైగా భూమి పడావు పెట్టాక అంతమంది మనుషుల అవసరమూ లేదు. అందుకని పాలేర్లని వెళ్ళగొట్టి, కావలసిన రోజుల్లో వాళ్ళనే కూలికి పిలిచారు. ఒప్పందంలో ఏడో సెక్షన్ వుంది. కౌలుదార్ల సంఖ్య తగ్గకుండా యజమాని 'వీలైనంతవరకు' చూడాలని రాశారు. చట్టాల్లో 'వీలైనంతవరకు' అనే మాట ఎవరి వీలు కోసం రాస్తారో మనకి తెలిసిందే.

వాషింగ్టన్‌లో ఆ శాఖ న్యాయ విభాగంలో కొందరు యువ లాయర్లు దీన్ని పట్టుకున్నారు. జెరోమ్ ఫ్రాంక్ నాయకత్వంలోని ఆ విభాగం ఏడో సెక్షన్‌కి కొత్త అర్థం చెప్పింది. సంఖ్యే కాదు, అవే కుటుంబాల్ని వుంచాలని అన్నారు. 1935 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ని, ఆయనతోపాటు ఇంకొందర్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. రూజ్‌వెల్ట్ పేదల పక్షమే కదా, ఎందుకు వూరుకున్నాడు? పార్లమెంటు కమిటీలు దక్షిణాది డెమొక్రాట్ల చేతుల్లో వున్నాయి. నల్లవాళ్ళకి ఓటు లేని నియోజకవర్గాల నుంచి వాళ్ళు మళ్ళీ మళ్ళీ గెలిచి, సీనియారిటీతో కమిటీ అధ్యక్షులయ్యారు. ఓటు లేకుండా చెయ్యడం, సబ్సిడీ లేకుండా చెయ్యడం వేర్వేరు అన్యాయాలు కావు. మొదటిదే రెండోదానికి దారి వేసింది.

ఎదిరించినవాళ్ళూ వున్నారు. 1934 జులైలో ఆర్కాన్సా రాష్ట్రం పాయిన్‌సెట్ కౌంటీలో టైరోంజా దగ్గర పదకొండుమంది తెల్ల, ఏడుగురు నల్ల పాలేర్లు కలిసి దక్షిణాది కౌలురైతుల సంఘం పెట్టారు. నల్ల తెల్ల వేరువేరు సంఘాలు పెట్టుకుంటే దొర ఒకరి మీదికి ఒకర్ని వుసిగొల్పుతాడని వాళ్ళ అనుభవం. కొరడా దెబ్బలు, కాల్పులు, జైళ్ళు అన్నీ చూశారు. ఆ పోరాటం వల్ల తర్వాతి చట్టాల్లో, ముఖ్యంగా 1938 చట్టంలో, పాలేరు వాటా కొంత పెరిగింది. అప్పుడేమైంది? వాటా పెరిగేసరికి వెళ్ళగొట్టుడు కూడా పెరిగింది. 1939 జనవరిలో మిస్సోరీ ఆగ్నేయ మూలన, ఇళ్ళు పోగొట్టుకున్న వందలాది పాలేరు కుటుంబాలు, ఎక్కువమంది నల్లవాళ్ళు, చలిలో సామాన్లతో సహా రెండు హైవేల పక్కన బైఠాయించాయి. నాయకత్వం వహించిన ఓవెన్ విట్‌ఫీల్డ్ కూడా పాలుకు చేసినవాడే. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. భూమిలో వుండే హక్కు ఇవ్వకుండా డబ్బులో వాటా మాత్రం ఇస్తే, ఆ వాటాయే గెంటివేతకి కారణమవుతుంది.

కౌంటీ కమిటీ: ప్రజాస్వామ్యం పేరుతో

ఈ పథకాల్ని వాషింగ్టన్ నేరుగా నడపలేదు. 'రైతులే నడుపుకుంటారు' అని కౌంటీ కమిటీలు పెట్టారు. ఏ పొలానికి ఎంత పత్తి విస్తీర్ణం కేటాయించాలి, ఎవరి ఫిర్యాదు వినాలి అన్నది ఆ కమిటీ చేతిలో వుంటుంది. పేరుకి ఎన్నికలున్నాయి. పాలేర్లకి కూడా ఓటుంది. కానీ దొర ఇంట్లో వుంటూ, దొర అప్పుతో తింటూ, దొరకి వ్యతిరేకంగా ఓటు వేసేదెవరు? పౌరహక్కుల కమిషన్ 1965లో వ్యవసాయ పథకాల మీద ఇచ్చిన నివేదిక చూస్తే దక్షిణాది కౌంటీ కమిటీల్లో నల్లవాళ్ళు దాదాపు లేనే లేరు. 1964లో, 65లో విద్యార్థి ఉద్యమకారులు మిసిసిపీలో ఈ కమిటీ ఎన్నికల్లో నల్ల రైతుల్ని నిలబెట్టారు. అసెంబ్లీ ఓటు కంటే ఈ ఓటు తక్కువది కాదని వాళ్ళు గ్రహించారు. బెదిరింపులు, లెక్కింపులో మోసాలు జరిగాయి. ప్యానెల్‌లో ఎక్కువమంది నల్లవాళ్ళ పేర్లు ఎక్కించి వాళ్ళ ఓట్లు చీల్చే ఎత్తు కూడా వేశారు.

వూళ్ళో అధికారం వున్నవాడికే పథకం నడిపే అధికారం ఇచ్చి దానికి 'స్థానిక ప్రజాస్వామ్యం' అని పేరు పెట్టడం మనకి కొత్త కాదు. పల్లె అంటే ఏమిటో రాజ్యాంగ సభలోనే అంబేద్కర్ చెప్పాడు. మన సహకార సంఘాల అధ్యక్షుల పేర్లు గోడమీద వరసగా రాసి వుంటాయి. ఆ వరసలో ఇంటిపేర్లు చదివితే చాలు.

ఈస్ట్‌లాండ్ చెక్కు, హేమర్ ఆకలి

ఈస్ట్‌లాండ్ సెనేట్ వ్యవసాయ కమిటీలో సభ్యుడు. 1956 నుంచి 1978 దాకా న్యాయ కమిటీకి అధ్యక్షుడు. అంటే పత్తి సబ్సిడీల చట్టాలు రాసేచోటా ఆయనే, పౌరహక్కుల బిల్లుల్ని తొక్కిపెట్టేచోటా ఆయనే. 1960ల చివర్లో ఆయన ప్లాంటేషన్‌కి ఏటా లక్ష డాలర్లకి పైగా సర్కారు డబ్బు వచ్చినట్టు ప్రభుత్వ లెక్కల్లోనే బయటపడింది. సంక్షేమం పేదల్ని సోమరుల్ని చేస్తుందని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల వర్గం అది.

హేమర్ 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకి ఇండియనోలా వెళ్ళింది. ఆ రాత్రికే పద్దెనిమిదేళ్ళు పనిచేసిన ప్లాంటేషన్ వదిలి పోవాల్సి వచ్చింది. అదే చలికాలం పక్కనున్న లెఫ్లోర్ కౌంటీలో పాలకులు పేదలకి పంచే సర్కారు పిండి, పప్పు నిలిపేశారు. ఓటు అడిగినందుకు శిక్ష అది. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. దొర చెక్కూ, పేదవాడి పిండీ రెండూ ఒకే వ్యవసాయ శాఖ నుంచి వచ్చేవే. దొర చెక్కు 'హక్కు', దాన్ని ఎవరూ ఆపలేరు. పేదవాడి పిండి 'దయ', దాన్ని కౌంటీ పెద్దలు ఎప్పుడైనా ఆపొచ్చు.

అప్పటికే పత్తి ఏరే యంత్రాలు, కలుపుమందులు వచ్చాయి. భూమి పడావు పెట్టినందుకు వచ్చిన సబ్సిడీ డబ్బు ఆ యంత్రాలు కొనడానికి పనికొచ్చింది. 1967 నుంచి వ్యవసాయ కూలీలకి గంటకి ఒక డాలరు కనీస వేతనం చట్టం కిందికి రాగానే, మిగిలిన కలుపు కూలీల్ని కూడా మాన్పించేశారు. ఆ యేడాది ఏప్రిల్‌లో సెనేటర్లు రాబర్ట్ కెన్నెడీ, జోసెఫ్ క్లార్క్ డెల్టాకి వచ్చి పొట్టలు వుబ్బిన పిల్లల్ని చూశారు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశం, అందులో సారవంతమైన నేల, ఆ నేల మీద లక్షల డాలర్ల సబ్సిడీ, ఆ నేలని దున్నినవాళ్ళ పిల్లలకి తిండి లేదు.

1970 చట్టం ఒక మనిషికి ఒక పంటకి 55 వేల డాలర్లు మించకూడదని పరిమితి పెట్టింది. వెంటనే పెద్ద ప్లాంటేషన్లు భార్య, పిల్లలు, భాగస్వాముల పేర్ల మీద చీలిపోయాయి. మన దగ్గర 1973 భూపరిమితి చట్టం వచ్చినప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్ళకి ఇది నవ్వులాటే.

హేమర్ సర్కారు కోసం చూస్తూ కూచోలేదు. 1969లో నలభై ఎకరాలతో ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం పెట్టింది. తర్వాత అది ఆరువందల ఎకరాలు దాటింది. కూరగాయలు, పప్పు పండించి పంచారు. పందుల బ్యాంకు పెట్టారు. చూడి పందిని ఇంటికి తీసుకెళ్ళి, ఈనిన పిల్లల్లో కొన్ని ఇంకో కుటుంబానికి ఇవ్వాలి. తిండి తన చేతిలో వుంటే ఓటు వేసినందుకు ఎవరూ ఆకలితో చంపలేరన్నది ఆమె ఆలోచన. కానీ ఆ సంఘం బతికింది చందాల మీద. వాన, వరద, అప్పు, పన్ను ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1976 నాటికి భూమి పోయింది. 1977 మార్చిలో ఆమె చనిపోయింది. ఈ ఓటమిని ఆమె అసమర్థతగా చదివేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. పక్కనున్న ప్లాంటేషన్ కూడా సర్కారు డబ్బు లేకుండా నిలబడి వుండేది కాదు.

కోర్టు తీర్పులు, ఆలస్యపు పరిహారాలు

1920లో అమెరికాలో నల్ల రైతులు దాదాపు 9 లక్షల 25 వేలమంది. 1997 లెక్కల నాటికి ఇరవై వేల లోపు మిగిలారు. ఆ యేడాదే తిమోతి పిగ్‌ఫోర్డ్, మరికొందరు నల్ల రైతులు అప్పుల విషయంలో జాతివివక్ష చూపిందని వ్యవసాయ శాఖ మీద దావా వేశారు. 1999లో రాజీ కుదిరింది. రుజువు చేసుకున్న ఎక్కువమందికి తలా 50 వేల డాలర్లు. గడువు దాటిన అర్జీల కోసం 2010లో ఇంకో రాజీ. 2021 మార్చిలో నల్ల, ఇతర వెనకబడ్డ జాతుల రైతుల అప్పుల మాఫీకి నాలుగు వందల కోట్ల డాలర్లు కేటాయించారు. తెల్ల రైతులు 'ఇది మా మీద వివక్ష' అని కోర్టుకి వెళ్ళారు, కోర్టులు ఆపేశాయి. 2022లో ఆ సెక్షన్ రద్దు చేసి, జాతి మాట తీసేసి, 'వివక్షకి గురైన రైతులకి సహాయం' అని మార్చారు. 2024 జులైలో 43 వేలమందికి పైగా దాదాపు రెండు వందల కోట్ల డాలర్లు పంచారు. రిజర్వేషన్ అనగానే 'మెరిట్‌కి అన్యాయం' అనే కేకలు విన్న మనకి ఆ కోర్టు వాదనలు కొత్తవి కావు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ పరిహారాలన్నీ ప్రధానంగా అప్పు కోసం అర్జీ పెట్టుకోగలిగిన రైతులకి. 1934లో పౌనుకి అర సెంటు రావాల్సిన పాలేరు కుటుంబం ఏ కాగితంలోనూ లేదు. కాబట్టి దాని నష్టానికి పరిహారం కూడా లేదు. రికార్డులో లేనివాడికి చరిత్ర బాకీ పడ్డా తీర్చదు.

మన పహాణీలో మన పేరు

జాతి, కులం ఒకటి కావు. అక్కడి పాలేరుకి వెలివాడ లేదు, మనకి బానిస సంత లేదు. అయినా 1946లోనే అంబేద్కర్, నల్లజాతి మేధావి డుబాయిస్‌కి వుత్తరం రాసి రెండు జాతుల స్థితిలో పోలిక వుందన్నాడు. ఆ పోలికని వూరికే సానుభూతికి కాకుండా పనికొచ్చేలా వాడుకోవాలి.

1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకి హక్కు ఇచ్చింది. హక్కు వస్తుందని తెలిసి దొరలు ముందే ఖాళీ చేయించారు, 'ఇష్టపూర్వకంగా' వదులుకున్నట్టు రాయించుకున్నారు. 1939 మిస్సోరీ రోడ్డు పక్కన జరిగిందీ అదే.

2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకి 4 వేలు, 2019 నుంచి 5 వేలు. పట్టాదారుకి మాత్రమే. కౌలుదారుకి ఇచ్చేది లేదని అప్పటి ప్రభుత్వం బాహాటంగానే చెప్పింది. లెక్క చూడండి. ఎకరం లావణీ పట్టా వున్న మాల రైతుకి యేడాదికి 10 వేలు. పరిమితి చట్టం ప్రకారమే 54 ఎకరాల మెట్ట వున్న ఆసామికి 5 లక్షల 40 వేలు. ఆ ఆసామి పట్నంలో వుండి భూమి పడావు పెట్టినా అంతే. ఆయన పొలం కౌలుకి చేసే మాదిగ కుటుంబానికి సున్నా. 2020లో వచ్చిన కొత్త రికార్డుల పద్ధతిలో సాగుదారు పేరు రాసే గడి కూడా పోయింది. పహాణీలో అనుభవదారు కాలం అంటే ఒక గడి కాదు, రేపు అడగడానికి ఆధారం. 2025 జనవరిలో ఈ పథకం రైతు భరోసాగా మారి ఎకరానికి యేడాదికి 12 వేలైంది. భూమి లేని కూలి కుటుంబానికి కూడా యేడాదికి 12 వేలు ప్రకటించారు. కూలివాడిని గుర్తించడం మంచిదే. కానీ ఒకరికి ఎకరాల లెక్క, ఇంకొకరికి కుటుంబం మొత్తానికి ఒక ఎకరం లెక్క!

ఆంధ్రలో 2011లో సాగుదార్ల చట్టం వచ్చింది, కౌలుదార్లకి రుణ అర్హత కార్డులిచ్చారు. 2019లో ఇంకో చట్టం వచ్చింది. అందులో భూయజమాని అంగీకారం వుంటేనే కార్డు. ఆ యేడాదే మొదలైన రైతు భరోసాలో భూమిలేని దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లని చేర్చారు. చేర్చడం వరకు అది ముందడుగే. కానీ కార్డు కోసం యజమాని సంతకం అడగడమంటే, 1934లో పాలేరు వంతు దొర చేతికిచ్చి పంచమన్నట్టే.

కార్యకర్తలు గ్రామసభకి వెళ్ళేముందు నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాలి. డబ్బు ఎవరి పేరు మీద వస్తోంది? ఎకరాలకి పరిమితి వుందా? సాగుదారు పేరు ఏ రికార్డులో ఎక్కుతోంది, దానికి ఎవరి సంతకం కావాలి? జాబితా తయారుచేసేది ఎవరు? 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక్కో వూరి జాబితా తెప్పించి, ఆ వూరి మాల మాదిగ వాడల సాగు లెక్క పక్కన పెట్టి చూడాలి. విద్యార్థులు ఈ పని సెలవుల్లో చెయ్యొచ్చు. వాడలో కూచుని ఏ సర్వే నంబరు ఎవరు ఎన్నేళ్ళుగా చేస్తున్నారో రాస్తే, అది మన పహాణీ అవుతుంది.

1947లో అంబేద్కర్ 'రాష్ట్రాలు-మైనారిటీలు' పత్రంలో భూమి రాజ్యానిదే కావాలని, కుల మత భేదం లేకుండా గ్రామస్థులకి కౌలుకిచ్చి, సమిష్టిగా సాగు చేయించాలని ప్రతిపాదించాడు. భూస్వామీ, కౌలుదారూ, భూమిలేని కూలీ అనే తేడాలే లేకుండా పోవాలన్నాడు. దాన్ని రాజ్యాంగంలోకి రానివ్వలేదు. అది లేకుండా పంచే ప్రతి రూపాయీ భూమి వున్నచోటికే పారుతుంది. కౌలుదారుకి కూడా పదివేలు ఇవ్వండని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. కానీ ఆ అడగడంతో పాటే, యజమాని సంతకం లేకుండా సాగు నమోదు కావాలనీ, నమోదైనవాడిని వెళ్ళగొట్టడానికి వీల్లేదనీ అడగాలి. ఈ రెండూ లేకుండా డబ్బు ఒక్కటే అడిగినవాళ్ళకి మిస్సోరీలో దొరికింది రోడ్డు పక్క చలిమంట.